జనావాసాలపై మార్గనిర్దేశం లేని బాంబులను పేరు పెట్టి నిషేధించాలా?

గగనవీక్షణం

యుద్ధవిమానాల రెక్కల కింద వేలాడే మామూలు బాంబుల గురించే ఈ చర్చ. వాటికి మార్గనిర్దేశం ఉండదు. విమానం వదిలాక దారి మళ్ళించే వీలుండదు. మనుషులు కాపురముండే చోట వీటిని వాడకూడదని అంతర్జాతీయ చట్టం సూటిగా చెప్పాలని నా వాదన. ఇప్పటికి ఆ మాట ఎక్కడా లేదు. 1977 నాటి జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ విచక్షణారహిత దాడులు కూడదంటుంది కానీ ఈ బాంబుల పేరెత్తదు. 2022 నవంబరులో డబ్లిన్‌లో జనావాసాల్లో పేలుడు ఆయుధాల వాడకంపై 80కి పైగా దేశాలు ఆమోదించిన ప్రకటన రాజకీయ హామీ మాత్రమే. దాన్ని మీరితే శిక్ష లేదు.

చిన్న లెక్క చూడండి. గంటకు 900 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 250 మీటర్లు. బాంబు విడవడం సెకనులో పదో వంతు ఆలస్యమైతే 25 మీటర్లు అవతల పడుతుంది. ఇరుకు వీధుల ఊళ్ళో 25 మీటర్లంటే మరో కుటుంబం ఇల్లు. అదే బాంబును 5 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. ఆలోపు ఏ ఎత్తులో గాలి ఎటు తోస్తుందో పైలట్‌కు పూర్తిగా తెలియదు. తెలిసినా బాంబు అప్పటికే చేయి దాటిపోయింది.

లోహవిహంగం

గగనవీక్షణం గారూ, లెక్కలో తప్పు లేదు. కానీ మీరు చెప్పిన పైలట్ కంటిచూపుతో గురి పెట్టేవాడు. ఇప్పటి విమానాల్లో కంప్యూటర్ వేగాన్ని, ఎత్తును, వాలును క్షణక్షణం లెక్కగట్టి, ఇప్పుడు వదిలితే బాంబు ఎక్కడ పడుతుందో పైలట్ ఎదుటి అద్దం మీద చూపిస్తుంది. 1981 జూన్ 7న ఇరాక్‌లోని ఒసిరాక్ అణు రియాక్టర్‌పై ఇజ్రాయెల్ దాడిని గుర్తు చేసుకోండి. 8 ఎఫ్-16 యుద్ధవిమానాలు మార్క్ 84 అనే రకం బాంబులు 16 వేశాయి. ఒక్కదానికీ మార్గనిర్దేశం లేదు. అయినా కనీసం 8 రియాక్టర్ గోపురాన్ని తాకాయి.

ఇంకో విషయం. మామూలు బాంబుకు బిగిస్తే ఉపగ్రహ సంకేతాలతో దాన్ని గురికి నడిపించే పరికరం జేడామ్ కిట్. ఒక్కోదానికి ఇరవై వేల డాలర్ల పైచిలుకు అవుతుంది. మీ నిషేధం అమల్లోకి వస్తే ధనిక దేశాలు కిట్లు కొనుక్కుంటాయి, పేద దేశాలు తమను తాము కాపాడుకునే యుద్ధంలోనూ దోషులవుతాయి. ఇది న్యాయమా?

అక్షరసాక్షి

ఒసిరాక్‌లో విమానాలు డైవ్ చేసి, దాదాపు 1,100 మీటర్ల ఎత్తుకు దిగాక బాంబులు వదిలాయి. శత్రువు ఆదమరిచి ఉన్నాడు కాబట్టి అది సాధ్యమైంది. భుజం మీద నుంచి పేల్చే క్షిపణులు కింద కాచుకుని ఉంటే ఏ పైలట్ అంత కిందికి దిగుతాడు? అందరూ పైకే పోతారు. పైకి పోయేకొద్దీ గురి తప్పే అవకాశం పెరుగుతుంది. అయినా ఆ 16లో గోపురాన్ని తాకనివి ఎక్కడో పడ్డాయి కదా. చుట్టూ ఇళ్ళుంటే వాటినీ విజయంలో కలిపేసేవారా?

వియత్నాంలోని థాన్ హోవా వంతెనపై 1965లో మొదలైన దాడులు ఏళ్ళ తరబడి సాగాయి. ఎన్నో విమానాలు కూలాయి, వంతెన నిలిచింది. చివరికి 1972 మే 13న లేజర్ కిరణం చూపిన చోటికి వెళ్ళే గైడెడ్ బాంబులు దాన్ని కూల్చాయి.

రెక్కనీడ

నేను చాలా ఏళ్ళు యుద్ధవిమానాలకు బాంబులు బిగించిన సాంకేతిక సిబ్బందిలో ఒకణ్ణి. ఈ చర్చలో ఎవరూ బాంబును దగ్గర నుంచి చూస్తున్నట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

బాంబును పేల్చే భాగాన్ని ఫ్యూజు అంటాం. పాత తరహా ఫ్యూజుకు ముందు అరచేతిలో ఇమిడే చిన్న పంకా ఉంటుంది. అది తిరగకుండా సన్నని తీగ దూర్చి, రెండో కొసను విమానానికి తగిలిస్తాం. బాంబు జారినప్పుడు తీగ విమానంతోనే ఉండిపోతుంది. పంకా గాలికి గిరగిరా తిరుగుతుంది. నిర్ణీత సమయం గడిచాక ఫ్యూజు పేలడానికి సిద్ధమవుతుంది. తీగ సరిగా దూరిందా లేదా అని ప్రతిసారీ వేలితో తడిమి చూసేవాణ్ణి.

ఇక అసలు సంగతి. మార్క్ 84 దాదాపు 900 కిలోల బాంబు. అందులో పేలుడు పదార్థం 430 కిలోల దాకా ఉంటుంది, మిగిలిన బరువులో చాలా భాగం శకలాలై ఎగిరే ఉక్కే. మామూలు తోక తీసి ఉపగ్రహ సంకేతాలందుకునే తోక బిగిస్తే అదే గైడెడ్ బాంబు. లోపలి మందు ఒక్క గ్రాము కూడా తగ్గదు. మార్క్ 82 అయితే పేలుడు పదార్థం దాదాపు 89 కిలోలే. జనావాసాల మధ్య కిట్ ఉన్న మార్క్ 84ను సరేనని, కిట్ లేని మార్క్ 82ను మాత్రమే కాదనే చట్టం నాకు సగం చట్టంలా కనిపిస్తోంది.

అక్షరసాక్షి

రెక్కనీడ గారి మాటకు చరిత్రలో రుజువులున్నాయి. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయ కేంద్రంపై పడినవి రెండూ లేజర్ బాంబులే. గురి తప్పలేదు. లోపల 400 మందికి పైగా పౌరులు చనిపోయారు. 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయంపై పడినవి జేడామ్‌లు. అవి కూడా పంపిన చోటికే వెళ్ళాయి. పంపిన చోటే తప్పు. ముగ్గురు చైనా జర్నలిస్టులు ప్రాణాలు కోల్పోయారు.

గగనవీక్షణం

రెక్కనీడ గారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. నా వాదనలో లోపముంది. గురి మీదే దృష్టి పెట్టి బరువును వదిలేశాను. నిషేధం అవసరమని ఇప్పటికీ అంటాను, కానీ దానికి రెండు షరతులుండాలి. జనావాసంలో మార్గనిర్దేశం లేని బాంబు ఏదీ వేయకూడదు. మార్గనిర్దేశం ఉన్నా, పేలుడు చుట్టుపక్కల ఇళ్ళ దాకా వ్యాపించేంత పెద్దదైతే అదీ వేయకూడదు.

లోహవిహంగం గారి పేద దేశాల ప్రశ్న న్యాయమైనదే. దానికి నా జవాబు: కిట్లు కొనలేని దేశం తన సరిహద్దులో, ఖాళీ మైదానంలో, శత్రు ట్యాంకుల మీద ఈ బాంబులు వేసుకోవచ్చు. నేను కాదంటున్నది ఊళ్ళ మీద వేయడాన్ని. బాంబు కింద ఉన్న మనిషికి అది వేసిన దేశం బీదదో ధనికదో తెలిసి ఒరిగేదేముంది?

లోహవిహంగం

ఊళ్ళ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. బరువు షరతు నాకూ నచ్చింది. కానీ ఉపగ్రహ సంకేతాలను జామ్ చేస్తే మీ మొదటి షరతు ఏమవుతుంది? జేడామ్‌కు నిర్దేశించిన కచ్చితత్వం ఉపగ్రహ సంకేతం ఉంటే 13 మీటర్లు, లేకపోతే 30 మీటర్లు. అదైనా సగం బాంబులు పడే వలయం. మిగతా సగం దాని బయటే పడతాయి. కాగితం మీద అది గైడెడ్ బాంబే. అలాగని తప్పించుకునే దారి చట్టంలో ఉండకూడదు. ఇంతకీ పాటించారో లేదో ఎవరు తేలుస్తారు? పేలిన గుంతలో కిట్ ముక్కలు దొరక్కపోతే కిట్ లేదని చెప్పలేం కదా.

రెక్కనీడ

గుంత దాకా పోనక్కర్లేదు. నేను పనిచేసిన చోట ఏ విమానానికి ఏ బాంబు, ఏ ఫ్యూజు, ఏ తోక బిగించామో రాసి సంతకం పెట్టేవాళ్ళం. విమానం తిరిగొచ్చాక ఎన్ని వదిలింది, ఎన్ని మిగిలాయో పక్కనే రాసేవాళ్ళం. ఆ పుస్తకాన్ని భద్రపరచాలని, విచారణకు వచ్చినవాళ్ళకు చూపించి తీరాలని చట్టంలో రాయండి. గగనవీక్షణం గారూ, మీ రెండు షరతుల పక్కన దీన్ని మూడోదిగా చేర్చండి.