నాలుగేళ్ల బాబును నేను పెద్దగా కదలకుండా ఇంట్లోనే ఆడించడం ఎలా?

ప్రశ్న – మియాపూర్ అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు నిండాయి, ప్లేస్కూలుకు వేసవి సెలవులు ఇచ్చారు. నాకిప్పుడు ఏడో నెల. ఎక్కువగా వంగవద్దనీ, మెట్లు ఎక్కి దిగవద్దనీ డాక్టరు గారు చెప్పారు. మావారు ఉదయం ఆఫీసుకు వెళితే రాత్రికి గానీ రారు, మా అత్తగారు వచ్చే నెల దాకా ఊరి నుంచి రాలేరు. పొద్దున పది గంటలకే ఎండ మండిపోతుండటంతో కింద పార్కుకు పంపే వీలు లేదు. అలాగని రోజంతా ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. వీడియోల్లో చూపించే ఆటలకు రంగు కాగితాలు కత్తిరించి, జిగురు అంటించి సిద్ధం చేయడానికే గంట పడుతోంది, వాడేమో వాటితో ఐదు నిమిషాలు కూడా ఆడడం లేదు. నేను దివాన్ మీద కూర్చునో, ఒక పక్కకు ఒరిగి పడుకునో ఉన్నా వాడు సంతోషంగా ఆడుకోగలిగేవి, ఇంట్లో ఉన్న వస్తువులతోనే అయ్యేవి, ఆట ముగిశాక నేను వంగి నేల మీద ఏరుకోనవసరం లేనివి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం – విశ్రాంత అంగన్‌వాడీ టీచరు, వారాసిగూడ

అమ్మా, ఆటను మనమే తయారు చేసి పెడితే శ్రమంతా మనది అవుతుంది. వస్తువు చేతికిచ్చి ఊరుకుంటే ఆ శ్రమ పిల్లవాడిది అవుతుంది, ఆనందం కూడా వాడికి అందులోనే ఉంటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల మధ్య ఏళ్ల తరబడి పని చేసినదానిగా చెబుతున్నాను, ఖరీదైన బొమ్మల కంటే చెంబెడు నీళ్లే వాళ్లను ఎక్కువసేపు నిలబెడతాయి.

మీ దివాన్‌కు ఎదురుగా పాత దుప్పటి పరిచి, దాని మీద పెద్ద తాంబాళం పెట్టమని బాబుకే చెప్పండి. రెండు స్టీలు గ్లాసులు, ఒక గరిటె, టీ వడగట్టే జల్లెడ, ఇంట్లో ఉంటే ఒక గరాటు ఇవ్వండి. మొదట గబగబా ఒలకబోస్తాడు. కాసేపటికి గ్లాసు అంచు దాకా నీళ్లు రావడం గమనించి, రెండో చేత్తో గ్లాసు అడుగు పట్టుకుని, నోరు కాస్త తెరిచి, చుక్క చుక్కగా పోయడం మొదలుపెడతాడు. ఆ సమయంలో ‘భలే’ అని కూడా అనకండి, మీ గొంతు వినగానే తల ఇటు తిప్పుతాడు, ధ్యాస తెగిపోతుంది. వేసవిలో ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో నీళ్లతో ఆట ఏమిటని అనిపించవచ్చు. కానీ చెంబుకు మించి ఇవ్వనవసరం లేదు, చివరికి ఆ నీళ్లనే కుండీల్లోని మొక్కలకు పోయిస్తే అదీ ఆటలో భాగమే అవుతుంది. బాల్కనీలో కుండీలు ఉంటే రెయిలింగు దగ్గర కుర్చీలు, పీటలు లేకుండా చూసుకోండి. టబ్బు, బకెట్టు మాత్రం ఎప్పుడూ నింపి వదిలేయకండి, కొద్ది అంగుళాల లోతు నీళ్లలోనైనా చిన్నపిల్లల ప్రాణానికి ముప్పు రావచ్చు.

నీళ్లు వద్దనుకున్న రోజున నిమ్మకాయంత చపాతీ పిండి, ఒక చిన్న అప్పడాల కర్ర చాలు. బొమ్మలన్నీ ఒకేసారి బయట ఉంచకుండా సగం అట్టపెట్టెలో వేయించి, మీవారి చేత అటక మీద పెట్టించండి. వారానికోసారి మార్పిస్తే పాతవే కొత్తవిగా కనిపిస్తాయి.

సమాధానం – కూకట్‌పల్లి నాన్న

టీచరు గారి మాటతో ఏకీభవిస్తూనే, మీరున్న చోట మెట్రో స్టేషను ఉంది కాబట్టి మా అమ్మాయి ఆడే మెట్రో ఆట చెబుతాను. మీరు దివాన్ మీద కూర్చున్న ప్రయాణికురాలు, బాబు డ్రైవరు, స్టేషను పేర్లు చెప్పేదీ వాడే. మియాపూర్, జేఎన్‌టీయూ కాలేజ్, కేపీహెచ్‌బీ కాలనీ, కూకట్‌పల్లి, బాలానగర్ అంటూ వరుసగా చెప్పుకుంటూ, స్టేషను వచ్చినప్పుడల్లా దిండ్లను పక్కకు జరిపి తలుపులు తెరవాలి. అమీర్‌పేటలో దిగి నాగోలు వెళ్లే బండి ఎక్కాలని మీరు అడిగితే చాలు, ఇల్లంతా తిరిగి రెండో బండిని సిద్ధం చేసుకుంటాడు. టికెట్లు పాత దినపత్రికను చింపి వాడే తయారు చేస్తాడు. మీరు కళ్లు మూసుకుని ‘ఎల్బీనగర్ వచ్చాక లేపండి సారూ’ అంటే, ఆ మార్గంలో ఉన్న 27 స్టేషన్లూ మీకు విశ్రాంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి, అందులో 60 నిమిషాలైనా కాస్త ఒళ్లు అలిసేలా ఉండాలి, కూర్చుని తెర చూసే సమయం గంటకు మించకూడదు. కాబట్టి కూర్చోబెట్టే ఆటలు ఒక్కటే సరిపోవు. ‘ఎర్రగా ఉన్నదేదైనా కప్పలా గెంతుకుంటూ వెళ్లి తీసుకురా’, ‘ఇప్పుడు దాన్ని మళ్లీ దాని చోట పెట్టిరా’ అని మీరు కూర్చునే చెప్పవచ్చు. తెచ్చిన వస్తువును తిరిగి పెట్టిరావడం కూడా ఆటలోనే కలిపేస్తే మీరు సర్దవలసింది మిగలదు.

సమాధానం – పిల్లల వార్డు నర్సు

పప్పులు, శనగలు, చింతగింజలు వేరు చేసే ఆట చాలామంది సూచిస్తారు గనుక ఈ మాట రాస్తున్నాను. మీరు చటుక్కున లేచి పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు కాబట్టి గింజలు, పూసలు, గోలీల జోలికి పోకండి. అవి గొంతులో అడ్డం పడవచ్చు, ముక్కులో దూరిన గింజ తడికి ఉబ్బుతుంది. బటన్ బ్యాటరీ, చిన్న అయస్కాంతాలు ఉన్న బొమ్మలు కూడా అందకుండా ఉంచండి. వేరు చేసే ఆట కావాలంటే బట్టలకు పెట్టే క్లిప్పులు, డబ్బా మూతలు, ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు ఉన్నాయి. సాక్సుల జతలు కలపడం మరీ మంచిది, దానితో మీ పని కూడా ఒకటి తీరుతుంది. కొత్త బొమ్మ కొంటే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

మియాపూర్ అమ్మ

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మెట్రో ఆట మా వాడికి ఎంతగానో నచ్చింది. నీళ్ల ఆటలో మాత్రం రెండు నిమిషాలకే వచ్చి ‘అమ్మా, నువ్వూ ఆడు’ అని చెయ్యి పట్టి లాగుతున్నాడు. దీనికి ఏం చేయాలి? అలాగే చెల్లో తమ్ముడో వచ్చే లోపు వాడి మనసును సిద్ధం చేసే ఆట ఏదైనా ఉందా?

సమాధానం – విశ్రాంత అంగన్‌వాడీ టీచరు, వారాసిగూడ

లాగుతున్నాడంటే మీ తోడు కోరుతున్నాడనే అర్థం, అందులో తప్పు లేదు. మొదటి పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి, తాంబాళాన్ని మీ పక్కనే స్టూలు మీద పెట్టించుకుని, వాడు చెప్పినట్టే ఆడండి. తర్వాత ‘నేను ఇక్కడే కూర్చుని చూస్తుంటాను’ అని చెప్పి చేతులు వెనక్కి తీసుకోండి. రోజూ అదే వరుస పాటిస్తే కొన్నాళ్లకు వాడే అలవాటు పడతాడు.

ఇక రెండో ప్రశ్నకు, ఒక గుడ్డబొమ్మ, ఒక చేట, పాత మెత్తటి చీర ముక్క ఇవ్వండి. మన ఇళ్లలో పసిబిడ్డను చేటలో పడుకోబెట్టే ముచ్చట చెప్పి, బొమ్మకు వాడి చేతే పక్క వేయించండి. చీర ముక్క పొట్టిగానే ఉండాలి, కుర్చీలకు కట్టి ఊయల వేయనివ్వకండి, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. బొమ్మకు పాలు పట్టడం, ఏడిస్తే జోకొట్టడం, మీరు నిద్రపోతుంటే ‘ష్’ అనడం అన్నీ వాడే కల్పించుకుంటాడు. ఒకవేళ కోపం వచ్చి బొమ్మను విసిరేస్తే మందలించకండి, ‘పాపకు ఏమైంది?’ అని మాత్రం అడగండి. వాడి మనసులో ఉన్న దిగులు ఏదైనా ఉంటే ఆ జవాబులోనే బయటికి వస్తుంది. విన్నది రాత్రికి మీవారికి కూడా చెప్పండి.