మట్టి గోడల ఇల్లు: వానకు, చెదలకు ఏం చెయ్యాలె?

అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఒక ఊరు. చెల్కల రెండు గదులు, ముంగట వసార ఏసుకుందాం అనుకుంటున్న, చేతిల నాలుగు లక్షలే ఉన్నయి, స్లాబు ఇల్లయితే ఈ పైసలు పిల్లర్లకే అయిపోతయని మేస్త్రీ మొకం మీదనే చెప్పిండు. మా తాత కట్టిన మట్టిమిద్దె ఎండకాలం కూలర్ లేకున్నా సల్లగ ఉండేది, దాన్ని కూలగొట్టి రేకులేసింది నేనే, ఇప్పుడు మే నెలల ఇంట్ల కూసోలేకపోతున్నం.

మాది ఎర్రమట్టి. గాజు సీసాల మట్టి, నీళ్లు పోసి బాగ ఊపి ఒక రోజు పెట్టి చూసిన, కింద సగం కంటె ఎక్కువ ఇసుకే, పైన బంక మూడో వంతు దాకా తేలింది. పచ్చి ఇటుక ఒకటి చేసి ఆరబెడితే పగుళ్లు కూడ పెద్దగ లేవు. నల్లరేగడి అయితే ఆశ ఇడిచిపెట్టేటోన్ని, అది తడిస్తె ఉబ్బుతది, ఎండితె పర్రెలిస్తది.

రాతి పునాది భూమి మీదికి రెండడుగులు లేపి, అడుగున్నర మందం గోడ, మీద గూన పెంకలు, కింద తాండూరు బండలు అనుకుంటున్న. గోడ మట్టిల సున్నం కలిపితె సాలా, లేకపోతె సిమెంటు 5 నుంచి 8 శాతం కలిపి మిషన్ మీద ఇటుకలు ఒత్తించాల్నా? సిమెంటే కలిపితె ఇంక మట్టి ఇల్లేంది అని మా ఇంటామె నవ్వుతుంది. వాన కొట్టే దిక్కు చూరు ఎంత బయటికి తియ్యాలె? తాటి దూలాలకు చెదలు పట్టకుండ ఏం పూస్తరు? పాలమూరు, నల్లగొండ దిక్కు ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇంక ఉన్నరా? మీరు కట్టుకున్నోళ్లయితే ఎంత ఖర్చయిందో గూడ చెప్పుండ్రి.