పార్కిన్సన్స్‌లో భ్రమలు, దిగులు: బ్రెయిన్ మ్యాపింగ్ చేయిస్తే తేలుతుందా?

తిరుచానూరు_కోడలు:
మా మామయ్యకి పార్కిన్సన్స్. వణుకు, బిగుసుకుపోవడం మందులతో అదుపులోనే ఉన్నాయి గానీ ఈ మధ్య కొత్త సమస్య మొదలైంది. పొద్దుగూకితే చాలు, వసారాలో ఎవరో పిల్లలు కూర్చున్నారంటారు, "వాళ్ళకీ రెండు ఇడ్లీలు పెట్టమ్మా" అంటారు. మిగతా రోజంతా ఉలుకూ పలుకూ లేదు. పేపర్ చదవడం మానేశారు, మనవడొచ్చి ఒళ్ళో కూర్చున్నా మొహంలో కదలిక ఉండదు. ఒక సెంటర్ వాళ్ళు 'బ్రెయిన్ మ్యాపింగ్' చేస్తే ఇది డిప్రెషనా, మతిమరుపు మొదలైందా అన్నది రంగుల బొమ్మలో తేలిపోతుందన్నారు. మా ఆయన చేయిద్దామంటున్నారు. నాకెందుకో మనసొప్పట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కపిలతీర్థం_కాఫీ:
మీ అనుమానం కరెక్టే అక్కా. బ్రెయిన్ మ్యాపింగ్ అని పేరు పెద్దగా ఉంటుంది గానీ అది మామూలు ఈఈజీనే, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు కరెంటు అలల్ని గీతలుగా తీసే పరీక్ష. వాటినే కంప్యూటర్ లెక్కగట్టి రంగులేస్తుంది. 1924లో జర్మనీలో మొదటిసారి మనిషి ఈఈజీ తీసిన హాన్స్ బెర్గర్ స్వయానా సైకియాట్రిస్టు, మనసులో జరిగేదాన్ని గీతల్లో పట్టుకోవాలన్నదే ఆయన తాపత్రయం. వందేళ్ళు దాటింది. మూర్ఛకి అది బాగా అక్కరకొచ్చింది గానీ ఫలానా మనిషికి డిప్రెషన్ ఉందని తేల్చే గీత మాత్రం ఇప్పటికీ దొరకలేదు. నుదుటికి కుడివైపు, ఎడమవైపు ఆల్ఫా అలల్లో తేడా చూసి దిగులు చెప్పొచ్చని ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు, అన్నీ కలిపి చూస్తే ఒక్కో రోగి దగ్గర పనికొచ్చేంత బలం లేదని తేలింది.

పార్కిన్సన్స్‌లో గట్టిగా కనిపించేది వేరే ఉంది. మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే తల వెనకవైపు సెకనుకి 8 నుంచి 13 సార్లు ఆల్ఫా అలలు వస్తాయి. మతిమరుపు వైపు జారుతున్నవాళ్ళలో అవి నెమ్మదించి, 4 నుంచి 8 మధ్య ఉండే థీటా పెరుగుతుంది. భ్రమలు ఉన్న రోగుల్లో కూడా ఈ నెమ్మదితనం ఎక్కువగా కనిపించింది. అయితే అదంతా సగటు లెక్క, మీ మామయ్య ఒక్కరి గురించి అది ఏమీ చెప్పదు.

ఈఈజీ_గదిలో:
నేను టెక్నీషియన్‌ని, ఊరూ పేరూ ఎందుకులెండి. పూర్తిగా దండగ అంటే ఒప్పుకోను. పార్కిన్సన్స్ మనిషికి మొహంలో భావం పలకదు, గొంతు లేవదు, నిద్ర సరిగ్గా పట్టదు, ప్రతి పనీ నిదానం. డిప్రెషన్ ప్రశ్నల పట్టీలో సగం ఇవే కదా! దిగులు లేనాయనకీ మార్కులు పడిపోతాయి, నిజంగా దిగులున్నాయన్ని "అది జబ్బు లక్షణంలే" అని వదిలేస్తారు. పైగా మన వైపు పెద్దాయన్ని "దిగులుగా ఉందా నాయనా" అనడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటాడు. మనిషి ఒప్పుకోవడం మీద ఆధారపడని కొలత ఒకటి కావాలి, అందుకోసం వెతకడం తప్పెలా అవుతుంది?

రంగుల బొమ్మల మీద మాత్రం నాకూ మంటే. పార్కిన్సన్స్ వణుకు సెకనుకి దాదాపు 4 నుంచి 6 సార్లు. థీటా ఎక్కడుందో పైన చదివారు కదా. చెయ్యి వణికితే ఆ కుదుపుకి దిండు మీద తల కదులుతుంది, వైర్లు కదులుతాయి, తెర మీద అచ్చం థీటాలాగే గీత పడుతుంది. గదిలో ఉన్న మేం చెయ్యి చూస్తాం, దిండు సర్దుతాం, అవసరమైతే చేతి మీద కూడా ఒక ఎలక్ట్రోడ్ అతికించి "ఇక్కడ వణుకు" అని పక్కన రాస్తాం. సాఫ్ట్‌వేర్‌కి చెయ్యి కనపడదు, అంతా కలిపి ఎర్రరంగు పూసేస్తుంది. ఇంకోటి, పెద్దవాళ్ళు కళ్ళు మూసుకోమంటే చాలు కునుకు తీస్తారు. మగతలోనూ అలలు నెమ్మదిస్తాయి. మధ్యమధ్యలో పిలిచి లేపుతూ తీయాలి. అంత ఓపిక లేని చోట తీసిన మ్యాపులో మతిమరుపు కనపడక ఏం కనపడుతుంది?

కపిలతీర్థం_కాఫీ:
అన్నా, ఇదంతా నా వాదనకే బలం. నిద్రలో కేకలేస్తూ చేతులు విసిరేవాళ్ళకి క్లోనాజెపామ్ ఇస్తారు చూడండి, అది ఆల్ఫా కంటే వేగంగా ఉండే బీటా అలల్ని పెంచుతుంది. వణుకుది ఏదో, మందుది ఏదో, కునుకుది ఏదో విడదీయలేనప్పుడు అందులో దిగులు ఏదని ఎలా చూపిస్తారు?

చిత్తూరు_మందులషాపు:
మీరిద్దరూ అలల్లోనే మునిగారు, మనిషి మింగే మాత్రల సంగతి ఒక్కరూ అడగలేదు. అమ్మా, ముందు మందుల చీటీ తీయండి. ట్రైహెక్సీఫెనిడిల్ (పాసిటేన్ అంటే అందరికీ తెలుసు) పెద్దవాళ్ళలో తికమక, భ్రమలు తెస్తుంది. పార్కిన్సన్స్‌కే ఇచ్చే అమాంటడిన్, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ కూడా తేగలవు, అసలు ఈ జబ్బుకి ముఖ్యమైన మందు లీవోడోపానే తేగలదు. ఉన్నట్టుండి మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం చూడాలి. డాక్టర్‌ని అడగకుండా ఏదీ ఆపకండి, లీవోడోపా టక్కున ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా "పెద్దాయన పిచ్చిగా మాట్లాడుతున్నారు" అని హాలోపెరిడాల్ రాస్తే మాత్రం పార్కిన్సన్స్ ఉందని గట్టిగా చెప్పండి, ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. భ్రమలకి మందు తప్పనప్పుడు క్వెటయాపిన్, క్లోజాపిన్ లాంటివి న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో చూసి ఇస్తారు.

ప్రామిపెక్సోల్ రకానికి ఇంకో పితలాటకం ఉంది, ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. జూదం, విచ్చలవిడి ఖర్చు, అదుపు లేని తిండి, కామం. 2010లో అచ్చయిన అధ్యయనంలో అమెరికా, కెనడాల్లో 3 వేల పైచిలుకు రోగుల్ని చూస్తే, ఈ రకం మందులు వాడేవాళ్ళలో 17 శాతం మందికి ఇలాంటిది ఏదో ఒకటి ఉంది. వాడనివాళ్ళలో 7 శాతం లోపే. దాన్ని ఏ ఈఈజీ పట్టుకోదు, ఆన్‌లైన్ రమ్మీ ఆడాక ఫోన్‌కొచ్చే బ్యాంకు మెసేజ్ పట్టిస్తుంది.

రేణిగుంట_కుర్రోడు:
మరి పార్కిన్సన్స్‌కి మెదడు లోపల తీగ పెట్టి కరెంటు ఇచ్చే డీబీఎస్ ఉంది కదా, అందులో మెదడు అలల్ని చదివి దానంతటదే కరెంటు పెంచి తగ్గించే రకానికి 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది కదా. పనికిరాని అలలైతే దానికెందుకు ఇచ్చారు?

కపిలతీర్థం_కాఫీ:
తమ్ముడూ, అది పుర్రె లోపల, అడుగున పెట్టిన తీగ చదివే అల. అక్కడ బీటా ఎక్కువైతే ఒళ్ళు బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది, మందు పనిచేస్తే తగ్గుతుంది. అది కదలికల లెక్క. నెత్తి మీద అతికించే ఎలక్ట్రోడ్లు చదివేది ముఖ్యంగా మెదడు పైపొరని. వీధి చివర నిలబడి పెళ్ళి మేళం వినొచ్చు, వంటింట్లో ఏం గొణుక్కుంటున్నారో ఎలా వినపడుతుంది?

పాత_వకీలు:
బ్రెయిన్ మ్యాపింగ్ అంటే నాకు 2010 సుప్రీంకోర్టు తీర్పు గుర్తొస్తుంది. నిందితుడి ఇష్టం లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదన్నారు. ఆ పరీక్ష వేరు, ఇది వేరు అనుకోండి, అయినా పేరు వింటే భయమే.

ఈఈజీ_గదిలో:
రేణిగుంట తమ్ముడికి చెప్పిన జవాబు బాగుంది, కానీ అంత మాత్రాన ఈఈజీని చెత్తబుట్టలో వేయకండి. పెద్దాయన పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా, పిలిస్తే పలకనంత మగతలో ఉంటే అది డెలీరియమా (ఒంట్లో ఏదో తేడా చేసి ఉన్నట్టుండి వచ్చే తికమక), పైకి కనపడని ఫిట్సా అని చూడ్డానికి ఈఈజీ కావాలి. పార్కిన్సన్స్‌కి దగ్గరి చుట్టమైన, భ్రమలు కూడా తెచ్చే లెవీ బాడీ రకం మతిమరుపుకి 2017లో సవరించిన ప్రమాణాల్లో తల వెనకవైపు అలలు నెమ్మదించడాన్ని సహాయక గుర్తుగా చేర్చారు కూడా. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో వేలూరు సీఎంసీలోనో న్యూరాలజిస్టు ఒక ప్రశ్న రాసి పంపితే, ఆ ప్రశ్నకి మేం తీసిన గీత జవాబిస్తుంది. ప్రశ్నే లేకుండా సెంటర్‌కి వెళ్తే బొమ్మలొస్తాయి, బిల్లొస్తుంది.

తిరుచానూరు_కోడలు:
అందరికీ థాంక్స్. చీటీ చూశాను, పాసిటేన్ ఉంది, పోయినసారి డోసు పెంచారు. పిల్లలు కనపడటం ఆ తర్వాతే మొదలైందని మా అత్తమ్మ అంటున్నారు. మీరు రాసింది చదివాక మామయ్యని కూర్చోబెట్టి అడిగాను. పిల్లలంటే భయం లేదట, మాట్లాడరు, కూర్చుని వెళ్ళిపోతారట. దిగులా అంటే కాదన్నారు. కాసేపాగి, మాత్ర టైమ్ దాటితే గుండె దడదడలాడుతుంది, ఎవరైనా పక్కనుంటే బాగుండనిపిస్తుంది అన్నారు. ఇది మాకెప్పుడూ చెప్పలేదు.

చిత్తూరు_మందులషాపు:
అది ముఖ్యమైన మాట తల్లీ. మందు బలం తగ్గే గంటల్లో చాలామందికి వణుకుతో పాటు ఆందోళన కూడా ఎక్కువవుతుంది. మాత్ర వేసిన టైమ్, దడ వచ్చిన టైమ్, పిల్లలు కనపడ్డ టైమ్ పక్కపక్కనే రాసి డాక్టర్‌కి చూపించండి. పాసిటేన్ మీ అంతట మీరు ఆపొద్దు, ఆయనే మెల్లగా తగ్గిస్తారు.

కపిలతీర్థం_కాఫీ:
చూశారా, పక్కన కూర్చుని అడిగితే తెలిసింది. నేను ఇప్పటికీ అదే అంటాను, ఆ డబ్బులతో మంచి న్యూరాలజిస్టుని ఒకసారి, సైకియాట్రిస్టుని ఒకసారి కలవండి.

ఈఈజీ_గదిలో:
అడిగారు కాబట్టి తెలిసింది. అడిగే కోడలు లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, వాళ్ళ కోసమే ఆ కొలత వెతకాలంటున్నా. సరే, మీ ఇద్దరితో వాదించి లాభం లేదు. అక్కా, డాక్టర్ ఈఈజీ రాస్తే ముందు రోజు తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు, ఆ పూట మాత్ర ఏ గంటకి వేశారో టెక్నీషియన్‌కి చెప్పండి, వాళ్ళు అడగకపోయినా సరే.