అంట్లు రాత్రే తోమాలా? నానబెట్టి పొద్దున తోమితే తప్పా?

ప్రశ్న:
మా ఇంట్లో ఇది తెగని పేచీ. రాత్రి భోజనాలయ్యాక గిన్నెల్లో నీళ్లు పోసి సింకులో వదిలేస్తాను. పొద్దునకల్లా అట్టకట్టిందంతా దానంతటదే ఊడుతుంది, శ్రమ తగ్గుతుంది. ఎంగిలి గిన్నెలు రాత్రంతా ఉంచకూడదని మా వాళ్ల వాదన. శుభ్రత విషయంలో నిజంగా అంత తేడా ఉందా?

జవాబు 1:
మీరు చేస్తున్నదే సరైన పని. ఎండిపోయిన గిన్నెను బరబరా తోమితే గీతలు పడతాయి, చేతులు నొప్పి పుడతాయి. పొద్దున వేడినీళ్లతో కడిగేస్తే ఏ క్రిమీ మిగలదు. రోజంతా అలసిన మనిషికి నిద్రకంటే అంట్లు ముఖ్యమా?

జవాబు 2:
నానబెట్టడం మంచిదే, రాత్రంతా నానబెట్టడమే తప్పు. అడుగంటిన పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని మెత్తబడటానికి మామూలుగా అరగంట చాలు. ఆ తర్వాత గంటల తరబడి ఉంచితే లాభం గిన్నెకు కాదు, బాక్టీరియాకు. తిండి, తడి, వెచ్చదనం మూడూ ఒకేచోట దొరుకుతాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి చురుగ్గా పెరుగుతాయి. అన్నీ అనుకూలిస్తే ఈ-కొలై అనే బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రంతా నానిన గరిటె వెనుకవైపు, మూత అంచు మడతలో వేలితో తడిమి చూడండి. జారుడుగా ఒక పొర తగులుతుంది. ఊరికే నీళ్లు పోస్తే అది పోదు, రుద్దాల్సిందే.

వేడినీళ్లతో ఏ క్రిమీ మిగలదన్న మాట ఒప్పుకోను. చేతులు తట్టుకోగల వేడికి క్రిములు చావవు. వాటిని వదిలించేది సబ్బు, రుద్దుడు, పారే నీళ్లు. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డును, మరో కొసతో నీటిని పట్టుకుంటుంది, అందుకే జిడ్డుతోపాటు మురికీ కొట్టుకుపోతుంది. పాలు, గుడ్డు అంటిన గిన్నెల మీద ముందే మరిగే నీళ్లు పోయకండి. మాంసకృత్తులు గడ్డకట్టి మరింత అతుక్కుంటాయి. ముందు చల్లటి నీళ్లు, ఆ తర్వాతే వేడివి.

ఇంకో మాట. గిన్నెల గురించి ఇంత వాదించుకుంటాం కానీ తోమే స్పాంజిని ఎవరూ పట్టించుకోరు. 2017లో జర్మనీ పరిశోధకులు ఇళ్లలో వాడిన 14 స్పాంజులను పరిశీలిస్తే, కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా బాక్టీరియా కనిపించాయి. పని కాగానే గట్టిగా పిండి గాలి తగిలేచోట ఆరబెట్టండి, తరచుగా మార్చండి.

జవాబు 3:
శాస్త్రం సరే, తోమేది ఎవరు? రాత్రే తోమాలని పట్టుబట్టేవాళ్ల చేతికి చాలా ఇళ్లలో పీచు అంటదు. వండి, వడ్డించి, అందరి తర్వాత తిన్న మనిషికే ఈ నీతులన్నీ. తిన్నవాళ్లు తమ కంచం తాము కడుక్కుంటే సగం పేచీ అక్కడే తీరుతుంది.

జవాబు 2 రాసినవారు:
మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. వండినవారు కాక మరొకరు తోమాలి. నేను రాత్రే తోమాలన్నది ఇంటికంతటికీ, ఒక్కరికి కాదు.

ప్రశ్న అడిగినవారికి: బొత్తిగా ఓపిక లేని రాత్రి మిగిలినదంతా గీకి చెత్తబుట్టలో వేయండి. గిన్నెలను ఒకసారి నీళ్లతో కడిగి, నీళ్లు నిలవకుండా బోర్లించండి. పొద్దున కాసేపు నానబెట్టి తోముకోవచ్చు. ఇనుప పెనం, చెక్క గరిటె మాత్రం ఆ రాత్రే కడిగి తుడిచేయండి. నీళ్లలో ఉంటే పెనం తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బి పగులుతుంది.