కోకాకోలా ప్రకటనల్లో కనిపించే అమెరికా ఎవరిది?

ప్రశ్న: తిరుపతి అధ్యాపకురాలు
నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. అమెరికా అనగానే ఏం గుర్తుకొస్తుందని తరగతిలో అడిగితే మంచులో క్రిస్మస్, ఎర్రకోటు తాత, ఒకే బల్ల చుట్టూ నవ్వుతూ కూర్చున్న కుటుంబం అన్నారు. వారిలో ఎవరూ ఆ దేశం చూడలేదు. ఈ ఊహలో కోకాకోలా ప్రకటనల పాలెంత? ఆ తాతను కంపెనీయే సృష్టించిందన్నది నిజమేనా? సెమినారు పత్రం కోసం అడుగుతున్నాను.

జవాబు: చరిత్ర పరిశోధక విద్యార్థి
మేడమ్, సృష్టించిందనడం సరికాదు. బొద్దుగా, గడ్డంతో ఉన్న శాంటాను అమెరికన్ కార్టూనిస్టు థామస్ నాస్ట్ 19వ శతాబ్దంలోనే గీశాడు. ఎర్రకోటు కూడా కంపెనీ కంటే ముందుదే. అయితే 1931 నుంచి 1964 వరకు హాడన్ సండ్‌బ్లామ్ కంపెనీ కోసం వేసిన చిత్రాలు రకరకాలుగా ఉన్న ఆ తాతకు ఒకే ముఖాన్ని స్థిరపరిచాయి. ఎండాకాలపు పానీయాన్ని చలికాలంలోనూ అమ్ముకోవాలన్న అవసరమే అందుకు మూలం.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. సైనిక దుస్తుల్లో ఉన్న ప్రతి అమెరికన్‌కూ, అతడు ఎక్కడున్నా, 5 సెంట్లకే సీసా అందాలని కంపెనీ అధిపతి రాబర్ట్ వుడ్రఫ్ 1941లో ఆదేశించాడు. 1943లో అమెరికన్ సేనాని ఐసెన్‌హోవర్ ఉత్తర ఆఫ్రికా నుంచి 10 బాట్లింగ్ ప్లాంట్ల సామగ్రి పంపమని తంతి పంపాడు. కంపెనీ లెక్క ప్రకారం యుద్ధకాలంలో 64 ప్లాంట్లు నెలకొన్నాయి, సైనికులు 500 కోట్లకు పైగా సీసాలు తాగారు. ఆనాటి పత్రికా ప్రకటనల్లో పరాయి ఊరి వీధిలో అమెరికన్ సైనికుడు స్థానికులకు సీసా అందిస్తూ కనిపిస్తాడు. పలకరింపుకు బదులు ఆ సీసాయే. దేశం పేరూ సరుకు పేరూ ఒకటైపోయింది అక్కడే అని నా అభిప్రాయం. 1950లో ఫ్రాన్సులో కోకాకోలాను అడ్డుకోవాలని పార్లమెంటు దాకా వాదన వెళ్లిందంటే ఆ సీసాలో వారికి అమెరికాయే కనిపించి ఉండాలి.

జవాబు: చిత్తూరు పాఠకుడు
పై మాటలకు ఒకటి చేర్చాలి. ఆ చిత్రాల్లో ఎవరు లేరో కూడా చూడండి, మేడమ్. నల్లజాతి అమెరికన్లు ఆ పానీయం కొంటూనే ఉన్నా, దశాబ్దాలపాటు పెద్ద పత్రికల ప్రకటనల్లోని ఆ నవ్వే కుటుంబం తెల్లవారిదే. 1940ల్లో పోటీదారు పెప్సీ నల్లజాతి అమ్మకందారుల బృందాన్ని నియమించి, వారి మధ్యతరగతి కుటుంబాలనే ప్రకటనల్లో చూపింది. 2014లో కోకాకోలా అమెరికా దేశభక్తి గీతాన్ని హిందీతో సహా పలు భాషల్లో పాడించినప్పుడు, అక్కడే చాలామందికి కోపం వచ్చింది. ఆ కోపాన్ని విద్యార్థులకు తప్పక చెప్పండి. ప్రకటన గీసిన బొమ్మను జనం ఎంతగా సొంతం చేసుకున్నారో అందులో తెలుస్తుంది.

జవాబు: మామిడి రైతు కొడుకు, చిత్తూరు జిల్లా
నాకొక సందేహం. 1977లో దేశం విడిచి 1993లో తిరిగివచ్చిన ఈ కంపెనీ ఇక్కడ అమెరికాను పెద్దగా చూపించలేదు. 'ఠండా' అంటే కోకాకోలా అని ఆమిర్ ఖాన్ చేత హిందీలో చెప్పించింది, థమ్సప్‌ను కొని తెలుగులో చిరంజీవిని చూపించింది, మా తోతాపురి గుజ్జు కొనే మాజా ప్రకటనల్లో మామిడిపండునే ముందుపెట్టింది. మీ విద్యార్థుల ఊహలో సినిమాల పాలే ఎక్కువేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు
ఆ సందేహం న్యాయమైనదే, బాబూ. పత్రంలో ప్రకటనల పాలును తగ్గించే రాస్తాను. రేపు తరగతిలో 1940ల నాటి ఒక చిత్రాన్నీ 2014 ప్రకటననూ పక్కపక్కన పెట్టి, మొదటిదాంట్లో ఎవరు కనబడటం లేదో పిల్లల చేతనే రాయిస్తాను.