గాజు తలుపుల బీరువా ముందుగదికి తగునా?

ప్రశ్న: తిరుపతిలో కట్టుకుంటున్న మా ఇంటి ముందుగదిలో మాధవమాల కొయ్యబొమ్మలనూ, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి కుందులనూ, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్నీ అందరికీ కనబడేలా ఉంచేందుకు గాజు తలుపుల బీరువా చేయించాలనుకుంటున్నాము. పడమటి కిటికీకి ఎదురుగా గోడ ఖాళీగా ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది క్షేమమేనా?

జవాబు 1: తప్పక చేయించండి. అంత అందమైన వస్తువులను చెక్క తలుపుల వెనుక దాచడం నాకు అన్యాయమనిపిస్తుంది. గాజు చూపును అడ్డగించదు కనుక గది ఇరుకుగా తోచదు, దుమ్ము కూడా తక్కువగా చేరుతుంది. పిల్లలున్నారు కాబట్టి టఫెన్డ్ గాజునే, అంటే వేడిచేసి గట్టిపరచిన గాజునే అడగండి. అది మామూలు గాజుకంటే సుమారు 4 రెట్లు బలమైనది, పగిలినా పదునైన పెంకులుగా కాక మొద్దుబారిన చిన్న ముక్కలుగా రాలుతుంది. అయితే టఫెన్ చేశాక దానిని కోయడం గాని, రంధ్రం వేయడం గాని కుదరదు కనుక పిడులకూ తాళానికీ కావలసిన కొలతలను వడ్రంగి చేత ముందే ఇప్పించండి.

జవాబు 2: బీరువా మంచిదే, ఆ గోడ మాత్రం వద్దు. కలంకారీలోని సహజ రంగులు ఎండకు వెలిసిపోతాయి; మామూలు గాజు అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపలేదు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఎండ పడని లోపలి గోడకే చేయిస్తాము. లోపల దీపాలు పెట్టవచ్చునా?

జవాబు 2: వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ దీపాలైతే పెట్టవచ్చును, వస్త్రానికి దూరంగా అమర్చి, అతిథులు వచ్చినప్పుడే వెలిగించండి.