పాపకి పచ్చ కామెర్లు, లైట్ కింద పెట్టాలంటున్నారు

అందరికీ నమస్తే, మేం ఈ దేశం వచ్చి కొన్ని నెలలే, మనవాళ్ళెవరూ పెద్దగా పరిచయం లేరు. పాప పుట్టి మూడో రోజు, మొహం కళ్ళు పచ్చగా ఉన్నాయి, రక్తంలో ఈ పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ ఎక్కువుంది లైట్ కింద పెట్టాలి అని డాక్టర్లు అన్నారు. అమ్మేమో ఫోన్లో పొద్దున ఎండలో పెడితే తగ్గిపోతుందంటోంది. ఏం చేయమంటారు?

---

చెల్లీ, పెట్టమన్నారంటే వెంటనే పెట్టించేయి, ఎండ కోసం ఆగొద్దు. అమ్మ మాట ఊరికే పుట్టింది కాదు, 1956లో ఇంగ్లండులో ఎండలో తిప్పిన పిల్లలకి పచ్చదనం తగ్గడం జీన్ వార్డ్ అనే నర్సు గమనించాకే ఈ లైట్ వైద్యం వచ్చింది, కానీ ఎండ ఎంత తగిలిందో కొలవలేం, లేత చర్మం కమిలిపోతుంది, బట్టలు తీస్తే పాప చల్లబడిపోతుంది. పుట్టిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువ, అవి విరిగినప్పుడు వచ్చే బిలిరుబిన్‌ని పంపేసేంత శక్తి వాళ్ళ లివర్‌కి ఇంకా రాదు, అందుకే నెలలు నిండిన పిల్లల్లో కూడా సగం మందికి పైగా మొదటి వారంలో ఈ పచ్చదనం కనిపిస్తుంది. నీలం లైట్ దాన్ని లివర్ పని లేకుండానే మలమూత్రాల్లో పోయేలా మార్చేస్తుంది. చాలామంది పిల్లలకి ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది.

డైపర్ తప్ప ఒంటిమీద ఏమీ ఉంచరు, కళ్ళకి పట్టీ కడతారు, అది జారి ముక్కు మీదకి రాకుండా నువ్వు చూస్తూ ఉండు. పాలు మాత్రం రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టు, నిద్రపోతుంటే లేపి మరీ పట్టు, నీళ్ళు పట్టొద్దు.

ఇంకోటి, పక్కవాళ్ళ బాబు బిలిరుబిన్ నంబర్‌తో పోల్చుకుని కంగారు పడకు, పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకి పుట్టింది, రక్తం గ్రూపు తేడా ఏమైనా ఉందా అన్నీ చూసే ఏ నంబర్ దాటితే లైట్ పెట్టాలో డాక్టర్లు గీత గీస్తారు. పాప నంబర్ ఎంత, ఆ గీత ఎంత అని అడుగు, భాష ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పు, మొహమాటపడకు.

---

అక్క చెప్పింది కరెక్ట్. లైట్ ఆపాక మళ్ళీ పెరగొచ్చు, రక్త పరీక్షకి ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళండి. పాప పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా, సన్నగా కీచుగా ఏడుస్తున్నా, ఒళ్ళు విల్లులా వెనక్కి వంచుతున్నా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి, బిలిరుబిన్ బాగా పెరిగిపోతే మెదడుకి ఎక్కుతుంది. విరేచనం సుద్దలా తెల్లగా వస్తున్నా, రెండు వారాలు దాటినా పచ్చగానే ఉన్నా దానికి వేరే కారణం ఉండొచ్చు, తప్పకుండా డాక్టర్‌కి చూపించండి.